రేవు కింద కోట, గుట్ట మీద మేడ

కోట అనగానే మనకు గుర్తుకొచ్చేవి గోల్కొండ, గండికోట, కొండవీడు. మదురైలోనో హోసూరులోనో పుట్టి పెరిగిన మన పిల్లలకు చెంజికోట, శ్రీరంగపట్నం ఇంకా దగ్గరివి. షోలాపూరు వాళ్ళకైతే ఊరి మధ్యనే కోట ఉంది. చూడటానికి వెళ్ళినప్పుడు బురుజు ఎక్కుతాం, ఫిరంగి మీద చెయ్యి వేసి ఫోటో దిగుతాం, కట్టించిన రాజు పేరు పలక మీద చదువుకుంటాం. కట్టడానికి సొమ్ము ఏ పొలం నుంచి వచ్చింది, ఆ సొమ్ము కోసం ఎవరెవరు ఏం పోగొట్టుకున్నారు అనేవి మాత్రం ఏ పలక మీదా ఉండవు.

ఈసారి అలాంటి లెక్కలన్నీ కాస్త వివరంగా దొరికే ఒక దూరపు కోట గురించి చెప్పుకుందాం. అది స్కాట్లండు వాయవ్య సముద్రంలో, లూయిస్ అనే దీవిలో, స్టోర్నోవే అనే రేవు పట్నంలో ఉంది. నిజానికి అక్కడివి రెండు కోటలు. ఒకటి చాలా పాతది, ఇప్పుడు కంటికి కనిపించదు. రెండోది రేవుకు ఎదురుగా గుట్ట మీద బురుజులతో నిలబడ్డ పెద్ద మేడ. దాన్నే లూయిస్ కోట అంటారు. ఇంత దూరపు కోటతో మనకేం పని అనుకోకండి. ఆ మేడ పునాదుల్లో మన దేశపు గసగసాల చేల సొమ్ము ఉంది. ఆ రేవులో పెరిగిన ఒక కుర్రవాడి వల్లనే మన పల్లెటూళ్ళ చరిత్ర ఎంతో కొంత మనకు దక్కింది.

రేవు కింద పడుకున్న కోట

లూయిస్ దీవి సుమారు 1,770 చదరపు కిలోమీటర్లు. స్కాట్లండు ఒడ్డున ఉన్న ఉల్లపూల్ నుంచి ఓడలో రెండున్నర గంటల ప్రయాణం. ఎడతెగని గాలి, వాన. చెట్లు బహు తక్కువ. ఎక్కడ చూసినా పీటు అనే నల్లటి బురదనేల. దాన్ని ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, పొయ్యిలో కట్టెలకు బదులు కాలుస్తారు. జనం మాట గేలిక్. ఇంగ్లీషుకు దానికి ఇంటి చుట్టరికం లేదు.

నార్వే రాజుల ఏలుబడిలో ఉన్న ఈ దీవులు 1266లో స్కాట్లండు రాజుకు వచ్చాయి. తరువాత మక్లౌడ్ అనే వంశం వారు లూయిస్‌ను ఏలారు. స్టోర్నోవే రేవులో నీళ్ళలోకి చొచ్చుకొచ్చిన రాతి మీద ఉన్న పాత కోట వారిదే. స్కాట్లండు రాజుల సేనలు 1506లో ఆ కోటను ముట్టడించాయి. 1598లో ఆరో జేమ్స్ రాజు దీవిని ఫైఫ్ ప్రాంతపు పెద్దమనుషులకు రాసిచ్చి, మీరు వెళ్ళి అక్కడి వాళ్ళకు నాగరికత నేర్పండి అన్నాడు. దీవి వాళ్ళు ఆ నాగరికులను తరిమి తరిమి కొట్టారు. ఆ గొడవలన్నీ అయ్యాక 1610లో దీవి మెకంజీ వంశం చేతికి వచ్చింది. వారికి సీఫోర్త్ ప్రభువులనే బిరుదు దక్కింది.

పాత కోట ఆయుష్షు మరో నలభై ఏళ్ళే. 1650లలో ఇంగ్లండు నుంచి వచ్చిన క్రామ్వెల్ సేనలు దాన్ని పడగొట్టాయి. మొండిగోడలు మాత్రం చాలాకాలం నీళ్ళ మధ్య నిలబడి ఉండేవి. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో రేవును పెద్దది చేసినప్పుడు అవి కూడా తీసివేతలో, పూడికలో పోయాయి. ఇవాళ ఓడ దిగి ఆ రేవు మీద నడిచే వాళ్ళ కాళ్ళ కింద ఒక కోట ఉండేదని ఎవరైనా చెబితేనే తెలుస్తుంది.

మన తీరాల్లో ముగిసిన బతుకులు

సీఫోర్త్ ప్రభువులు రేవుకు ఎదుటి గుట్ట మీద ఒక ఇల్లు కట్టుకున్నారు. పేరు సీఫోర్త్ లాడ్జి. ఆ ఇంటి యజమానుల జాతకాలు చూస్తే ఒక్కొక్కరిదీ మన దేశంతోనే ముడిపడి ఉంది.

కెనెత్ మెకంజీ 1778లో తన వాళ్ళతో ఒక పటాలం కట్టాడు. అప్పుల బాధతో ఆస్తిని జ్ఞాతి అయిన థామస్‌కు అమ్మేసి, 1781లో ఆ పటాలంతో ఇండియాకు బయలుదేరాడు. దారిలోనే చనిపోయాడు. ఆస్తి కొన్న థామస్ కూడా సైన్యంలోనే ఉండి, మలబారు తీరంలో మైసూరు సేనలతో పోరాడాడు. 1783లో ఓడ మీద వస్తుండగా మరాఠా నౌకలు చుట్టుముట్టాయి. ఆ పోరులో తగిలిన గాయాలతో ఘేరియాలో ప్రాణం విడిచాడు. ఆ ఘేరియానే మన మహారాష్ట్ర పాఠకులు ఎరిగిన విజయదుర్గం.

అప్పుడు ఆస్తి తమ్ముడు ఫ్రాన్సిస్‌కు వచ్చింది. చిన్నప్పుడే జబ్బు చేసి వినికిడి పోయినా పార్లమెంటు సభ్యుడైనవాడు. 1793లో ఇంకొక పటాలం కట్టాడు. అందులో చేరిన వాళ్ళలో లూయిస్ రైతుబిడ్డలు ఎందరో ఉన్నారు. ఆ పటాలమే 1803 సెప్టెంబరులో అస్సయే యుద్ధంలో పోరాడింది. ఆ ఊరు నేటి జాల్నా జిల్లాలో ఉంది. ఫ్రాన్సిస్‌కు నలుగురు కొడుకులూ తన కళ్ళ ముందే పోయారు. 1815 జనవరిలో ఆయనా పోయాడు. పెద్ద కూతురు మేరీ భర్త నౌకాసేనాధిపతి శామ్యూల్ హుడ్. ఆయన అంతకు మూడు వారాల ముందే మద్రాసులో చనిపోయాడు. నెల తిరగకుండానే భర్తనూ తండ్రినీ పోగొట్టుకున్న ఆమెకు మిగిలింది ఒక దీవి, దాని మీద కొండంత అప్పు.

దీవి రాబడి అంతకంతకూ పడిపోయింది. సముద్రపు నాచును కాల్చి బూడిద చేసి అమ్మితే సబ్బు, గాజు తయారీకి వాడేవారు. రైతులు వెన్నులు విరిగేలా చేసిన ఆ పని మీద దొరలకు మంచి ఆదాయం వచ్చేది. చవకైన సరుకు బయటి నుంచి రావడంతో ఆ వ్యాపారం దెబ్బతింది. చివరికి 1844లో లూయిస్ దీవిని 1,90,000 పౌండ్లకు అమ్మేశారు. పల్లెలు, పొలాలు, బీళ్ళు, రేవు అన్నీ ఆ ఒక్క బేరంలోనే పోయాయి. అక్కడి జనాన్ని మాత్రం ఎవరూ అడగలేదు.

పోస్టుమాస్టరు గారి అబ్బాయి

కొన్నవాడి కథలోకి వెళ్ళేముందు, సీఫోర్త్ ప్రభువుల నీడన పెరిగిన ఒకరి గురించి చెప్పుకోవాలి. స్టోర్నోవే పోస్టుమాస్టరు గారికి 1754లో కోలిన్ అనే కొడుకు పుట్టాడు. ఇంటిపేరు మెకంజీయే గాని దొరల బిడ్డ కాడు. రేవులో సుంకం లెక్కలు చూసే ఉద్యోగం చేశాడు. లెక్కల మీద మక్కువ ఎక్కువ. లాగరిథమ్స్ కనిపెట్టిన జాన్ నేపియర్ చరిత్ర రాయించాలని నేపియర్ వంశపు ప్రభువు ఒకరు తలపెడితే, ఆ పనిలో సాయపడ్డాడు. నేపియర్ అనే పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

1783లో సీఫోర్త్ ప్రభువుల సిఫారసుతో కుంపిణీ కొలువు సంపాదించి మద్రాసులో దిగాడు. తొలి రోజుల్లోనే మదురైలో నేపియర్ వారి ఆడపడుచు ఇంట్లో పండితులను కలుసుకుని, మన గణితం గురించి వాకబు చేశాడు. ఆయన సేకరణ మోజుకు అక్కడే అంకురం పడిందంటారు. తరువాత నిజాం రాజ్యంలో, మైసూరులో సర్వేలు చేశాడు. 1798 ప్రాంతంలో అమరావతి స్తూపాన్ని చూశాడు. 1815లో యావత్ భారతదేశానికి సర్వేయర్ జనరల్ అయ్యాడు.

మెకంజీకి మన భాషలు రావు. ఆ సంగతి ఆయనే ఒప్పుకున్నాడు. ఆయనకు కళ్ళూ చెవులూ అయినవాళ్ళు ఏలూరుకు చెందిన కావలి సోదరులు. 1796లో కలిసిన వెంకట బొర్రయ్య పలు భాషలు తెలిసిన మేధావి. పాత శాసనాలు చదవడంలో దిట్ట. ముప్పయ్యేళ్ళు నిండకుండానే 1803లో కన్నుమూశాడు. ఆయన తమ్ముడు లక్ష్మయ్య ఆ పని అందుకున్నాడు. వీళ్ళూ వీళ్ళ మనుషులూ తెలుగు, తమిళ, కన్నడ సీమల్లో ఊరూరా తిరిగారు. కరణాలను, పూజారులను, ముసలివాళ్ళను కూర్చోబెట్టి ఊరు ఎవరు కట్టారు, చెరువు ఎవరు తవ్వించారు, గుడికి మాన్యం ఎవరిచ్చారు అని అడిగి రాసుకున్నారు. అవే కైఫీయత్తులు. మెకంజీ పోయేనాటికి ఎనిమిది వేల పైచిలుకు శాసనాల నకళ్ళు, ఆరు వేల పైన నాణేలు, వందలాది గ్రంథాలు పోగయ్యాయి. కుంపిణీ పాలనకు పటాలూ వివరాలూ కావాలి గనక ఆ పని సాగింది, నిజమే. అయినా మన పూర్వీకులు విడిచి వచ్చిన ఎన్నో ఊళ్ళ కథ అలా కాగితానికి ఎక్కకపోతే గాలికి పోయి ఉండేది.

మెకంజీ మళ్ళీ స్టోర్నోవే గడప తొక్కలేదు. 1821 మే 8న బెంగాల్లోనే చనిపోయాడు. కలకత్తా సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానంలో సమాధి ఉంది. మిగిలిన పని నేను పూర్తి చేస్తానని లక్ష్మయ్య ముందుకు వస్తే, అంత పని దేశీయుడి వల్ల కాదని అప్పటి పెద్దలు పక్కన పెట్టారు. ఎవరి శ్రమతో ఆ సేకరణ అంతా జరిగిందో వాళ్ళతోనే అన్న మాట అది!

నల్లమందు దొర

ఇప్పుడు దీవి కొన్నవాడి దగ్గరికి వద్దాం. జేమ్స్ మాథెసన్ 1796లో స్కాట్లండు ఉత్తరాన పుట్టాడు. ఎడింబరోలో చదువుకుని, మేనమామ వరసైన బంధువుల వర్తక సంస్థలో పనిచేయడానికి కలకత్తా వచ్చాడు. అక్కడి నుంచి చైనాలోని కాంటన్ చేరాడు. 1832లో విలియం జార్డిన్‌తో కలిసి జార్డిన్ మాథెసన్ కంపెనీ పెట్టాడు.

ఆ రోజుల్లో ఇంగ్లండుకు చైనా టీ కావాలి. చైనాకు ఇంగ్లండు సరుకులు అక్కరలేదు, వెండి ఇమ్మనేది. ఆ వెండికి బదులుగా దొరికిన సరుకు నల్లమందు. బీహారు, బెనారస్ ప్రాంతాల్లో కుంపిణీ వారు రైతులకు బయానాలిచ్చి గసగసాలు వేయించి, నల్లమందు తీయించి కలకత్తాలో వేలం వేసేవారు. మాల్వా నల్లమందు బొంబాయి నుంచి ఓడలెక్కేది. చైనా చక్రవర్తి దాన్ని నిషేధించాడు గనక కుంపిణీ తన ఓడల్లో పంపక, ఇలాంటి ప్రైవేటు వర్తకుల చేత దొంగచాటుగా చేరవేయించేది. బొంబాయిలో జార్డిన్ మాథెసన్ వారికి ముఖ్య భాగస్వామి జంషెడ్జీ జీజీభాయ్. జె.జె. ఆసుపత్రి, జె.జె. చిత్రకళాశాల ఆయన పేరు మీద వెలిసినవే. ఆ సొమ్ము ఇక్కడ ఆసుపత్రీ కట్టింది, అక్కడ కోటా కట్టింది.

1839లో లిన్ అనే చైనా అధికారి కాంటన్‌లోని వర్తకుల దగ్గర ఇరవై వేలకు పైగా నల్లమందు పెట్టెలు పట్టుకుని నాశనం చేయించాడు. దాని మీద బ్రిటన్ యుద్ధానికి దిగింది. 1842లో యుద్ధం ముగిసేసరికి హాంకాంగ్ బ్రిటిష్ వారి పాలైంది. అదే ఏడు మాథెసన్ వ్యాపారం నుంచి తప్పుకుని స్వదేశం చేరాడు. మరుసటి ఏడు పార్లమెంటు సభ్యుడయ్యాడు. ఆ మరుసటి ఏడు లూయిస్ దీవి కొన్నాడు.

గుట్ట మీద మేడ

సీఫోర్త్ లాడ్జి ఉన్నచోట మాథెసన్ కొత్త కోట కట్టించాడు. 1840ల చివర్లో పని మొదలైంది, 1850లలో ముగిసింది. నక్షా గీసింది గ్లాస్గో నగరపు శిల్పి చార్లెస్ విల్సన్. నిజమైన కోటలా బురుజులూ, పళ్ళు పళ్ళుగా ఉన్న పిట్టగోడలూ ఉన్నాయి గాని, యుద్ధానికి పనికొచ్చేది ఒక్కటీ లేదు. పాతకాలపు ఠీవి కోసం పెట్టించిన అలంకారాలవి. కోటకూ దాని తోటలకూ కలిపి లక్ష పౌండ్ల పైన ఖర్చయింది. దీవి మొత్తం కొన్న ధరలో అది సగానికి మించిన మొత్తం. చెట్లు లేని దీవిలో ఒక అడవి కావాలని ముచ్చటపడి బయటి నుంచి మట్టి తెప్పించారు. రకరకాల చెట్లు నాటించారు. అద్దాల గదుల్లో వేడి దేశాల మొక్కలు పెంచారు. ఆ అడవి ఇవాళ్టికీ దీవిలో వాళ్ళకు పెద్ద వింత.

కోట లేస్తున్న కాలంలోనే దీవిలో కరువు వచ్చింది. 1846లో బంగాళాదుంప పంటకు తెగులు సోకి కుళ్ళిపోయింది. అదే తిని బతికే జనం ఆకలికి మాడారు. మాథెసన్ చేతులు కట్టుకు కూర్చోలేదు. పిండి తెప్పించి పంచాడు, రోడ్ల పనులు పెట్టించాడు. ఆ సాయానికి మెచ్చి 1851లో ప్రభుత్వం ఆయనకు బారోనెట్ బిరుదు ఇచ్చింది. అదే 1851 నుంచి, బాకీ పడ్డ కౌలు కట్టలేని కుటుంబాలను ఓడ ఖర్చులు తానే పెట్టి కెనడాకు పంపించసాగాడు. వందల కుటుంబాలు అలా వెళ్ళాయి. వద్దనుకున్న వాళ్ళకు ఉన్న దారి కూడా పెద్దగా లేదు. ఒకే మనిషి ఒక చేత్తో పిండి పెట్టి, ఇంకో చేత్తో ఊరి నుంచి సాగనంపాడు. ఆయన మంచివాడా చెడ్డవాడా అని ఆ దీవిలో నేటికీ వాదించుకుంటారు.

బెర్నెరా రైతులు

దొర కోటలో ఉంటే పెత్తనమంతా దివాను డొనాల్డ్ మన్రోది. దీవిలో ఆయన చూడని కొలువు లేదు, జనం ఆయనకు భయపడని రోజు లేదు. లూయిస్‌ను ఆనుకుని ఉన్న బెర్నెరా అనే చిన్న దీవి రైతుల పశువుల బీడును ఆయన ఒకసారి మార్పించాడు. సరేనని వాళ్ళు కొత్త బీడు చుట్టూ మైళ్ళ పొడుగున గోడ కట్టుకున్నారు. ఆ గోడ పాతబడకముందే, 1874లో, అది కూడా వదిలిపెట్టమన్నాడు. కాదనేసరికి ఇళ్ళే ఖాళీ చేయమని 58 నోటీసులతో కోర్టు అమీనును పంపాడు. పిల్లలూ కుర్రాళ్ళూ ఆయన మీద మట్టిబెడ్డలు విసిరారు. పెనుగులాటలో ఆయన కోటు చిరిగింది. ముగ్గురి మీద కేసు పెట్టారు.

అప్పుడు బెర్నెరా, దాని చుట్టుపక్కల ఊళ్ళ మగవాళ్ళు వందమందికి పైగా, బ్యాగ్‌పైపు అనే తిత్తిబూర ముందు మోగుతుండగా స్టోర్నోవేకు నడిచి వచ్చారు. తిన్నగా కోటకే వెళ్ళారు. ముసలి దొర బయటికి వచ్చి వాళ్ళ మొర విన్నాడు. ఈ ఖాళీ నోటీసుల సంగతి తనకు తెలియదన్నాడు. తెలియకుండా జరిగిందో, తెలుసుకోకుండా ఉన్నాడో మనం చెప్పలేం. జూలైలో విచారణ జరిగింది. ముగ్గురూ నిర్దోషులుగా బయటపడ్డారు. మన్రో పదవి ఆ తరువాత ఊడింది. స్కాట్లండు కొండసీమల్లో దొర పెత్తనం మీద రైతులు కోర్టులో గెలిచిన తొలి సందర్భంగా దీన్ని చెబుతారు.

మాథెసన్ 1878లో పోయాడు. భార్య 1896 దాకా ఉంది. వాళ్ళకు పిల్లలు లేరు. ఆస్తి అన్న కొడుకు డొనాల్డ్ మాథెసన్‌కు వచ్చింది. ఈయన కథ వింతైనది. ఆయన కూడా చైనాలో ఆ కంపెనీలోనే భాగస్వామిగా ఉండి, నల్లమందు వ్యాపారం మనస్సాక్షికి గిట్టక 1840ల చివర్లో బయటికి వచ్చేశాడు. ముసలితనంలో నల్లమందు వ్యాపారాన్ని మాన్పించాలనే సంఘానికి అధ్యక్షత వహించాడు. ఆ వ్యాపారం కట్టిన కోట చివరికి ఆయన చేతికే వచ్చింది. మూడేళ్ళలోనే దాన్ని కొడుక్కి అప్పగించాడు.

మద్రాసు గవర్నరు గారి విచారణ

బెర్నెరా తరువాత రైతుల అలజడి ఇతర దీవులకూ పాకింది. ప్రభుత్వం 1883లో ఒక విచారణ సంఘం వేసింది. ఆ సంఘానికి అధ్యక్షుడు నేపియర్ ప్రభువు. చెన్నైలో మెరీనాకు పోయే దారిలో కూవం నది మీద నేపియర్ వంతెన ఉంది కదా, ఆ నేపియరే! ఇప్పుడున్న వంతెన తరువాతి కట్టడమే గాని పేరు ఆయనదే. 1866 నుంచి 1872 దాకా మద్రాసు గవర్నరుగా చేశాడు. ఆయన పదవిలోకి వచ్చిన ఏడాదే గంజాం జిల్లాలో భయంకరమైన కరువు. బరంపురం వైపు ఆ కరువు కథలు ఒకప్పుడు ప్రతి ఇంట్లోనూ చెప్పుకునేవారు.

ఆ వంశపు తీగ ఇంకా పొడుగు. కోలిన్ మెకంజీ చేత లెక్కల చరిత్ర రాయించాలనుకున్నది ఈయన పూర్వీకులు. ఈయన కన్నతండ్రి 1834లో బ్రిటిష్ వర్తకానికి అధికారిగా చైనా వెళ్ళాడు. జార్డిన్ వంటి వర్తకుల మాట విని అక్కడి అధికారులతో తగవు పెట్టుకున్నాడు. చివరికి జ్వరం వచ్చి మకావులో చనిపోయాడు. యాభై ఏళ్ళ తరువాత కొడుకు మాథెసన్ గారి దీవికి వచ్చి, రైతులను ఎదురుగా కూర్చోబెట్టుకుని వాళ్ళ గోడు రాయించుకున్నాడు. గేలిక్ తప్ప వేరే మాట రాని ముసలివాళ్ళు కూడా దుబాసీల ద్వారా తమ తాతల నాటి సంగతులు చెప్పారు. ఎవరి పొలం ఎప్పుడు పోయింది, ఏ ఊరు ఎప్పుడు పాడుబడింది అన్నీ నివేదికలోకి ఎక్కాయి. అవీ ఒక రకం కైఫీయత్తులే.

నేపియర్ సూచించిన దారి ఒకటి, ప్రభుత్వం పట్టిన దారి ఒకటి అయినా, 1886లో చట్టం వచ్చింది. కౌలు కట్టే చిన్న రైతును ఇష్టమొచ్చినట్టు వెళ్ళగొట్టడానికి వీల్లేదు. కమతం వారసులకు చెందుతుంది. కౌలు న్యాయంగా ఉండాలి. కోట గోడలకు ఆ రోజుతో సగం బలం పోయింది.

సబ్బుల దొర

1918లో దీవిని కొన్నవాడు లెవర్‌హ్యూమ్ ప్రభువు. మనందరి ఇళ్ళకూ తెలిసినవాడే. సన్‌లైట్, లైఫ్‌బాయ్ సబ్బులు తయారుచేసిన లెవర్ ఈయనే. మన హిందుస్థాన్ లీవర్ మూలాలు ఆ కంపెనీలోనే ఉన్నాయి. స్టోర్నోవేను పెద్ద చేపల పరిశ్రమగా మార్చాలని, రైళ్ళూ ఫ్యాక్టరీలూ తేవాలని కలలు కన్నాడు. కోటకు హంగులన్నీ చేయించాడు.

అప్పుడే దీవి గుండె పగిలింది. మొదటి ప్రపంచయుద్ధం ముగిసి ఇళ్ళకు తిరిగి వస్తున్న నావికులతో అయొలేర్ అనే ఓడ 1919 జనవరి 1 తెల్లవారుజామున రేవు ముఖద్వారం దగ్గర బండలకు కొట్టుకుంది. 201 మంది చనిపోయారు. యుద్ధమంతా బతికి బయటపడి, ఇంటి దీపాలు కనిపించేంత దూరంలో మునిగిపోయారు. దీవిలో ఆ దుఃఖం తాకని ఊరు లేదు. రెండు తరాల పాటు ఆ మాట ఎత్తడానికే పెద్దవాళ్ళకు నోరు రాలేదంటారు.

యుద్ధంలో పోరాడిన వాళ్ళకు భూమి ఇస్తామని ప్రభుత్వం మాట ఇచ్చి ఉంది. బతికి వచ్చిన వాళ్ళు స్టోర్నోవే దగ్గరి దొర పొలాల్లోకి దిగి ముక్కలు పంచుకున్నారు. పట్నానికి పాలు కావాలి గనక ఆ పొలాలు ఇవ్వనన్నాడు లెవర్‌హ్యూమ్. ఫ్యాక్టరీలో జీతం ఇస్తాను కదా, ఆ రాతినేల ఎందుకన్నాడు. జీతం కాదు, మా తాతల నేల కావాలన్నారు వాళ్ళు. ఎవరి మాటలో వాళ్ళకు న్యాయం కనిపించింది. కంపెనీ లాభాలు తగ్గి, కలలు చెదిరి, 1923లో లెవర్‌హ్యూమ్ దీవి వదిలి పోవాలని నిశ్చయించుకున్నాడు. పోతూ పోతూ దీవిని అక్కడి జనానికే ఉచితంగా ఇస్తానన్నాడు. పల్లెల వాళ్ళు ఖర్చులకు జంకి చాలావరకు వద్దన్నారు. స్టోర్నోవే వాళ్ళు పుచ్చుకున్నారు. అరవై వేల ఎకరాలకు పైగా నేల, దానితో పాటు కోట, ఊరి వాళ్ళు ఓట్లేసి ఎన్నుకునే స్టోర్నోవే ట్రస్టు కిందికి వచ్చాయి. స్కాట్లండులో ఒక ఎస్టేటు జనం సొత్తు కావడానికి అదే తొలి ఉదాహరణ అంటారు.

ఊరి సొత్తు

రెండో ప్రపంచయుద్ధంలో కోటలో నౌకాదళపు విమానాల సిబ్బంది ఉన్నారు. 1953లో అందులో కాలేజీ పెట్టారు. ఒకప్పుడు నోటీసులతో వణికిన రైతుల మనవలు ఆ నాట్యశాలల్లో, భోజనశాలల్లో కూర్చుని చదువుకున్నారు. కాలేజీ పక్కనే కొత్త భవనాల్లోకి మారాక పాత కోట కురుస్తూ, పెచ్చులూడుతూ మూతపడింది. చాలా ఏళ్ళ తరువాత దాదాపు రెండు కోట్ల పౌండ్లతో బాగుచేశారు. 2016లో అందులో దీవుల మ్యూజియం తెరిచారు. అక్కడ పలకల మీద రాతలు గేలిక్‌లోనూ ఇంగ్లీషులోనూ ఉంటాయి. 1872 విద్యాచట్టంలో గేలిక్‌కు చోటే లేదు. బడికెళ్ళే పిల్లలు ఇంటి మాటను గడప దగ్గర వదిలి వెళ్ళాల్సి వచ్చింది. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాషగా పెరిగిన మనకు ఆ రెండు వరుసల పలక విలువ ఎవరూ చెప్పనక్కరలేదు.

1831లో లూయిస్ ఇసుకలో దొరికిన, వాల్రస్ దంతంతో చెక్కిన ఎనిమిది వందల ఏళ్ళనాటి చదరంగపు బొమ్మలు చాలావరకు లండన్‌లో ఉన్నాయి. వాటిలో ఆరింటిని బ్రిటిష్ మ్యూజియం ఈ కోటకు పంపింది. సొంత ఊరికి తిరిగొచ్చిన బొమ్మలను చూడటానికి జనం వస్తూనే ఉన్నారు. అలాగే 2017లో కోలిన్ మెకంజీ సేకరించిన వస్తువులు లండన్ నుంచి స్టోర్నోవేకు వచ్చి ప్రదర్శనకు నిలిచాయి. పోస్టుమాస్టరు గారి అబ్బాయి 1783లో వదిలిన ఊరికి, రెండు వందల ముప్పయ్యేళ్ళు దాటాక, మన సీమల జ్ఞాపకాలు మోసుకుని చేరుకున్నాడన్నమాట.

కావలి సోదరుల కరణం ఒకడు ఇవాళ లూయిస్ కోటకు వెళ్ళి కైఫీయతు రాస్తే ఏమని రాస్తాడు? కట్టించినవాడు మాథెసన్ అని రాస్తాడు. అక్కడితో ఆగడు. సొమ్ము పెట్టింది బీహారులో బయానా తీసుకుని గసగసాలు గీకిన రైతు, కాంటన్‌లో నల్లమందు పీల్చి ఇల్లు గుల్ల చేసుకున్న చీనావాడు అని రాస్తాడు. పిల్లలతో కెనడా ఓడెక్కిన కుటుంబాలను రాస్తాడు. మట్టిబెడ్డ విసిరిన బెర్నెరా కుర్రాణ్ణి రాస్తాడు. ప్రస్తుతం అనుభవిస్తున్నది ఊరి జనం అని ముగిస్తాడు.

మన ఊళ్ళ కోటలకు, దివాణాలకు, మన కుటుంబాలు ఏనాడో దాటి వచ్చిన పొలిమేరలకు కూడా ఇలాంటి లెక్క ఒకటి ఉండే ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్నప్పుడే అడిగి రాసుకోవాలి. లూయిస్ ముసలివాళ్ళు నేపియర్ ముందు నోరు విప్పి చెప్పారు గనకనే వాళ్ళ మనవలకు నేల దక్కింది.